ఇక చుక్క పెట్టను

సోమవారం, 3వ తేదీ. సాయంత్రం 5.40

ఈ రోజు ఎమర్జెన్సీ స్టాఫందరికీ ట్రైనింగ్. విషయం: మనకే తెలియకుండా మన బుర్రలో తిష్ఠ వేసిన పక్షపాతం. మనిషి వాలకం చూసి ముద్ర వేసేస్తామట. దాంతో వైద్యం ఆలస్యమవుతుందట.

నాకా ట్రైనింగ్! పంతొమ్మిదేళ్ళ సర్వీసు. పెద్ద సిస్టర్‌ని. గుమ్మంలో పేషెంట్లని మొదట చూసేది నేను. ఎవరు ముందు లోపలికి వెళ్ళాలో, ఎవరు బెంచీ మీద ఆగాలో తేల్చేది నేను. మనిషి బండి దిగుతుండగానే జబ్బు చెప్పేస్తాను.

ట్రైనింగ్ మేడమ్ ఆరు ఫొటోలు చూపించి ఎవరిది ఏ ఉద్యోగమో రాయమంది. టై కట్టుకున్నాయన డాక్టరని రాశాను. వంటమనిషట. అరిగిపోయిన చెప్పుల పెద్దావిడ గుండె ఆపరేషన్లు చేస్తుందట. సర్జన్‌కి అరిగిన చెప్పులేమిటి? ఇది మోసం! నాకు ఆరింటికి ఒకటి వచ్చింది. ఆ ఒక్కటీ పోలీసు కుక్క.

“పేషెంట్ల కాగితాల మీద రహస్యంగా పెట్టుకునే గుర్తులేమైనా ఉన్నాయా?” అంది మేడమ్. అందరం ఫ్యాను వైపు చూశాం. ఫ్యాను తిరగడం లేదు.

ఉన్నాయి. నాటకాలాడే పేషెంటైతే కాగితం కుడి మూల పెన్సిల్‌తో చిన్న చుక్క. కంగారు లేదు, ఆగనివ్వండి అని అర్థం. కనిపెట్టింది నేనే.

చివర్లో ఒక ముసలాయన సంగతి చెప్పింది. తూలుతున్నాడని తాగుబోతన్నారట. నిజానికి షుగర్ పడిపోయింది. బెంచీ మీదే ప్రాణం పోయింది. అలాంటి బెంచీ నా ముందూ ఒకటుంది.

పది రోజుల నిర్ణయం!
1. చుక్క పెట్టను.
2. ప్రతి పేషెంటుకీ మూడు ప్రశ్నలు: ఎక్కడ? ఎప్పటి నుంచి? ఎలా మొదలైంది?
3. జవాబు పూర్తయ్యేదాకా మనసులో కూడా తీర్పు చెప్పను.

పెన్సిల్ తీసి, నా కింద పనిచేసే చిన్న సిస్టర్‌కి ఇచ్చేశాను.

మా ఆయన: “ఆరంభశూరత్వం కాకపోతే అదే పదివేలు.”

మంగళవారం, 4. మధ్యాహ్నం 2.15

అద్భుతం! ఒంటినిండా పచ్చబొట్లు, మెడలో గొలుసు, రక్తం కారే చెయ్యి. కొట్లాట కేసు అనబోయి నాలుక కరుచుకున్నాను. అడిగాను. నర్సరీ బడి మాస్టారట. మూడేళ్ళ పాప కొరికింది.

“నొప్పిగా ఉందా?” అన్నాను. “నొప్పి కాదండీ, పాప ఏడుపు ఆపలేదు, అదీ బాధ” అన్నాడు.

నేనెంత మారిపోయానో! ఒక్క రోజులో!

చుక్కలు: సున్నా.

బుధవారం, 5. మధ్యాహ్నం 3.00

10.05కి ఒక బామ్మగారు, మోకాలి నొప్పి. “ఎప్పటి నుంచండీ?” అన్నాను. పెళ్ళి చూపుల నుంచి మొదలుపెట్టింది. 10.20కి పెళ్ళయింది. 10.30కి తోటికోడలు వచ్చింది. 10.35కి ఆ తోటికోడలే మెట్ల మీద నీళ్ళు ఒలకబోసింది, అదీ నిన్న. వెనక క్యూ గేటు దాటింది.

పూర్తిగా విన్నాను. మేడమ్ వచ్చి చూస్తే బాగుండేది.

చుక్కలు: సున్నా. కాళ్ళ నొప్పులు: నాకు.

గురువారం, 6. సాయంత్రం 4.30

మూడు ప్రశ్నలు ఎక్కువ. రెండు చాలు. ట్రైనింగులు ఇచ్చేవాళ్ళకి క్యూ ఉండదు.

శుక్రవారం, 7. సాయంత్రం 4.45

ఒకటి చాలు. “ఏమిటి?”

శనివారం, 8. మధ్యాహ్నం 1.30

బాగా ఆలోచించాను. అనుభవం వేరు, పక్షపాతం వేరు. కూర చూడగానే ఉప్పు తక్కువని చెప్పే వంటమనిషిని ఎవరైనా తప్పుపడతారా?

చుక్క మాత్రం పెట్టలేదు! మాటంటే మాటే. నాటకాల పేషెంటు వస్తే కనుబొమ్మ ఎగరేస్తానంతే. చిన్న సిస్టర్ తెలివైన పిల్ల. చుక్క తనే పెట్టేస్తుంది.

ఈ రోజు చుక్కలు: ఏడు. నావి: సున్నా.

సోమవారం, 10. సాయంత్రం 6.30

వరసగా రాస్తాను.

10.20. చిట్టి వచ్చింది. చిట్టి మా ఆడపడుచు, మా ఆయనకి ఒక్కగానొక్క చెల్లెలు. గోరంత జబ్బుని కొండంత చేసే మనిషి. పోయిన ఏడాది గుండె దడదడలాడుతోందని పరుగెత్తుకొస్తే, అది జేబులో ఫోను.

“దవడ లాగుతోంది వదినా. వీపు కూడా. నీరసంగా ఉంది” అంది.

“పొద్దున ఏం తిన్నావ్?” అన్నాను. జవాబు వినలేదు. చిన్న సిస్టర్ వైపు తిరిగి కనుబొమ్మ ఎగరేశాను. చిట్టి వెళ్ళి బెంచీ మీద కూర్చుంది.

ఏ సంగతైనా నాలుగు రోజులు చెప్పే మనిషి, కట్టె, కొట్టె, తెచ్చె అన్నట్టు మూడు ముక్కల్లో ముగించింది. అది నా చెవికి తట్టలేదు.

11.15. కొత్తగా చేరిన డాక్టరమ్మ అటు వెళ్తూ ఆగింది. నేను ఆ పిల్లని కూడా మొదటి రోజు చూసి, ఎవరి చెల్లెలో టిఫిన్ బాక్సు తెచ్చిందనుకున్నాను. “ఈవిడకి ఇలా చెమటలేమిటి? ఎంతసేపయింది వచ్చి?” అంది. ఈసీజీ తీశారు.

గుండెపోటు.

12.10. పూడుకున్న రక్తనాళం తెరిచారు. బతికింది. ఇంకో అరగంట ఆగితే చెప్పలేమన్నారు.

కాగితం చూశాను. కుడి మూల చుక్క. పెన్సిల్ చిన్న సిస్టర్‌ది. కనుబొమ్మ నాది. యాభై అయిదు నిమిషాలు కూర్చోబెట్టింది నేనే.

మంగళవారం, 11. మధ్యాహ్నం 12.00

చిట్టి మంచం పక్కన కూర్చున్నాను. మా ఆయన మందుల కోసం వెళ్ళారు.

“నిన్ను బెంచీ మీద ఆపింది నేనే. నాటకం అనుకున్నాను” అన్నాను.

“తెలుసులే వదినా. ఆ కనుబొమ్మని ఇరవై ఏళ్ళ నుంచీ చూస్తున్నా.”

“మరి గొడవ చెయ్యలేదేం? మామూలుగా అయితే ఆస్పత్రి పైకప్పు ఎగరగొట్టేదానివి కదా!”

“చేద్దామనే అనుకున్నా. నీ మొహం చూశా. నువ్వేం కంగారు పడలేదు. ఇంత తెలిసిన వదినే నిబ్బరంగా ఉంటే నాకేమవుతుంది అనుకున్నా. ధైర్యం వచ్చింది. అందుకే కూర్చున్నా.”

ఏడ్చాను. డ్యూటీ యూనిఫాంలో ఏడవడం పంతొమ్మిదేళ్ళలో ఇదే మొదలు. చిట్టి కంగారుపడి బెల్లు నొక్కింది. ఇద్దరు నర్సులు పరుగెత్తుకొచ్చి నా బీపీ చూశారు.

బుధవారం, 12. సాయంత్రం 5.00

పొద్దున్నే ట్రైనింగ్ మేడమ్‌కి ఫోను చేసి చుక్క సంగతి అంతా చెప్పాను. “పై అధికారులకి మీరే రాయండి. ముందు ఆ చుక్కలన్నీ చెరపండి” అంది.

రాశాను. ఏం శిక్ష వేస్తారో తెలియదు. వెయ్యాలి.

తర్వాత నేనూ చిన్న సిస్టరూ రెండు రబ్బర్లు పట్టుకుని రికార్డు గదిలో కూర్చున్నాం. పదకొండింటికల్లా రెండు వందలు దాటాయి. అప్పుడు ఒక కాగితం చేతికొచ్చింది. పేషెంటు పేరు: నాది.

పోయిన ఏడాది కిడ్నీలో రాయితో సెలవు రోజున వచ్చాను. గంటన్నర బెంచీ మీద మెలికలు తిరిగాను. రద్దీగా ఉందేమో అనుకున్నాను.

కుడి మూల చుక్క. గుండ్రంగా, పద్ధతిగా, నేను పెట్టే దానికన్నా అందంగా.

“ఎవరే పెట్టింది?” అన్నాను.

చిన్న సిస్టర్ రబ్బరు కింద పెట్టేసింది. “నేనే అక్కా. ‘ప్రాణం పోతోంది’ అని మూడుసార్లు అన్నారు. రెండుసార్లు దాటితే చుక్క పెట్టమని మీరేగా నేర్పింది!”

తిట్టడానికి నోరు తెరిచాను. ఏ తిట్టు తిట్టినా నాకే తగులుతుంది. మూసేశాను.

గురువారం, 13. మధ్యాహ్నం 2.30

పది రోజుల నిర్ణయం. మొదటి రోజు! ఈసారి కనుబొమ్మలు కూడా లెక్కలోకి వస్తాయి.

8.05. ఒకాయన గుమ్మంలోంచే కేకలు పెడుతూ వచ్చాడు. చూడగానే నాకు మొత్తం అర్థమైపోయింది. నాకు అర్థమైంది కాబట్టి తప్పే అయివుంటుందనుకుని, కుర్చీలోంచి లేచి ఎదురు వెళ్ళాను.