నిండిన కాట్రిడ్జిలో ఇంకు

ఎచ్చెర్ల,
శనివారం.

బెన్హర్ బావకి షీబా వందనాలు. ప్రభువు దయ వల్ల ఇక్కడ జరాలూ గిరాలూ ఎవరికీ లేవు. పారాదీప్‌లో నువ్వు ఏళకి తింటన్నావనుకుంటన్నాను.

ప్రింటరుకని నువ్వు పంపిన స్పాంజీ లేని కాట్రిడ్జిలు ఎలాగున్నాయని పోయిన ఉత్తరంలో అడిగేవు. బాగున్నాయి. పాతవాటిలో స్పాంజీ ఇంకంతా తాగీసి కూకునీది, ఎంత మిగిలిందో ఎవుడికీ తెలీదు. ఇవి సీసాల్లాగ ఉన్నాయి, ఇంకెంతుందో బైటికే అగుపడతాది. సిరంజితో పోసి రబ్బరు బిరడా నొక్కీడమే. చర్చి పాటల కాగితాలన్నీ మీ నాన్నే ప్రింటు తీస్తన్నారు. నన్ను ముట్టనిస్తారేటి!

పాప దగ్గు తగ్గిందా అన్నావు. తగ్గింది. నీ మీద బెంగే తగ్గనేదు.

బావా, ఇంక అసలు సంగతి రాస్తాను, కంగారు పడకు. మట్టలాదివారం పాటలు తీయాలని మొన్న మావయ్య సిరంజి పట్టుకున్నారు. నల్లింకు కాట్రిడ్జి నిండా ఉన్నాది. దాంట్లోనే మళ్ళీ పోస్తన్నారు! పొందూరు పంచె మీదకి ఇంకు కారిపోతంటే, "ఏటి మావయ్యా, నిండుగా ఉంది కదా!" అని అరిసేను. "నిండలేదు. ఎదవ సిరంజి!" అని నా మీదే ఇంతెత్తున లేసేరు.

అంతకు ముందాదివారం చర్చిలో పాస్టరుగారు ఒక వాక్యం సదవమంటే, గ్రంథం విప్పి, తనకి కంఠతా వచ్చిన వేరే వాక్యం అప్పసెప్పీసేరు. సంఘ పెద్ద కదా, అందరూ ఆమెన్ అనీసేరు. నేనూ అన్నాను.

బతిమాలి కంటి డాక్టరుకి సూపించేను. రెండు కళ్ళకీ శుక్లాలు ముదిరిపోనాయి, ఆపరేషను ఆలస్యమైతే ఉన్న సూపూ పోద్దన్నారు. మావయ్య ససేమిరా అంటన్నారు. "కళ్ళు ఆనట్లేదని తెలిస్తే నన్ను వాక్యం సదవనిస్తారా? ఆడికి రాసేవంటే నీతో మాటాడను" అన్నారు. మాటాడకపోతే మాననీ. నాకు బయ్యంగా ఉంది బావా.

ఇక్కడి దాకా రాసి లేస్తంటే, "సదివి ఇనిపించమ్మా" అన్నారు మావయ్య. కాట్రిడ్జిల సంగతీ, పాప దగ్గూ సదివి ఆపీసేను.

"అంతసేపు రాసి ఇంతేనా సదివేవు?" అన్నారు. నాకు ఏడుపొచ్చీసింది.

"ఊరుకో. నా కళ్ళ గురించి రాసుంటావు. రాసింది కొట్టీకు, ఉండనీ. కింద నా మాటొకటి కలుపు" అన్నారు. ఆయన సెప్పినట్టే రాస్తన్నాను:

"ఆపరేషనుకి ఎల్తానురా. కానీ బయ్యంగా ఉన్నాది. నువ్వొచ్చి నా పక్కనుండు."

ఇట్లు,
నీ మరదలు, నీ ఇల్లాలు
షీబా