కుడి చెవిలో అడిగిన మాట

అంబత్తూరు,
శుక్రవారం

ప్రియమైన శ్రీవారికి,

'ప్రియమైన' అని అలవాటుకొద్దీ రాశాను, పొంగిపోకండి. అక్క ఇంట్లోనే ఉంటాను. ఫోన్ చేస్తే ఎత్తను.

జ్వరానికి నా కుడి చెవి పూర్తిగా పోయి ఏడాదైంది. క్లాసులో కుడి వరుస పిల్లలు పిలిస్తే తెలియడం లేదు. మొన్న హైందవి "టీచర్, కడుపునొప్పి" అని ఎన్నిసార్లు పిలిచిందో, చివరికి బల్ల మీదే వాంతి చేసుకుంది. ఆ బిడ్డ మొహం చూడలేకపోయాను.

చెవుల పరీక్ష చేసినామె ఏం చెప్పిందో తెలుసా? "పోయిన చెవిలో ఎంత శబ్దం పెంచినా లాభం లేదమ్మా. రెండు చెవులకూ పెట్టుకునే మిషను ఉంది. కుడివైపు మాటను అందుకుని ఎడమ చెవికి పంపిస్తుంది. వారం వాడి చూడండి." మీకు చెప్పేలోపే ఏదో షాపు నుంచి బఠాణీ గింజంత మిషను పట్టుకొచ్చారు. భార్య చెవిటిదని నలుగురికీ తెలిస్తే మీకు నామోషీ! చెవి నాది, ఎంపిక మీదా? ఒక్క మాట అడిగారా?

పంకజం

సౌకార్‌పేట,
ఆదివారం

ప్రియమైన పంకజానికి,

అడగలేదా? నాకూ కోపం వస్తుంది. అమ్మ ముందు మాట్లాడుకోలేమనే కదా మన మాటలన్నీ స్కూటర్ మీద! నిన్ను బడికి దింపుతూ అడిగాను: "చెవిలో పెట్టుకున్నా కనపడని మిషను ఒకటుందంట, తీసుకుందామా? వేరేది కావాలంటే చెప్పు." ఊఁ అన్నావు. మళ్లీ అడిగాను. మళ్లీ ఊఁ!

నామోషీ నాకా? రోజూ అద్దం ముందు జుట్టు చెవి మీదికి లాక్కునేది ఎవరు? అది చూడలేకే కనపడనిది తెచ్చాను. తిట్టేముందు గుర్తు తెచ్చుకో.

మునిరత్నం

అంబత్తూరు,
తర్వాతి శనివారం

ప్రియమైన శ్రీవారికి,

మీ ఉత్తరం చదివితే ఒళ్లు మండింది, ఈసారి సగం నా మీదే. చీర కట్టుకుని స్కూటర్ మీద పక్కకు తిరిగి కూర్చుంటే మీ వైపు ఉండేది నా కుడి చెవి. ఏడాదిగా ఆ బండి రొదలో మీరు చెప్పిందేదీ నాకు వినపడలేదు. ఊరికే ఊఁ కొట్టాను. వినపడలేదంటే చెప్పడం మానేస్తారని భయం. కానీ ఏ చెవి పోయిందో తెలిసిన మనిషి ఆ చెవిలోనే అడుగుతారా?

ఈ వారం రెండు చెవుల మిషను పెట్టుకుని చూశాను. పిలుపు ఎటునుంచో చప్పున తెలియదు, బజారులో రొద ఎక్కువ. అయినా నిన్న హైందవి కుడి వరుసలోంచి "టీచర్" అంటే వినపడింది. నాకిదే కావాలి. జుట్టు వెనక్కి దువ్వుకుంటాను, చూసేవాళ్లని చూడనివ్వండి.

ఈ ఉత్తరం అందగానే వచ్చి తీసుకెళ్లండి. చుడీదార్ వేసుకుంటాను, బండి నేనే నడుపుతాను. మీరు వెనక కూర్చుని ఈ ఏడాది చెప్పినవన్నీ ఎడమ చెవిలో మొదటి నుంచి చెప్పండి.

ఇంకా కోపంగానే ఉన్న,
పంకజం