గోనెసంచి మీద దుకాణం

మొయినాబాద్,
16-8-1971.

మరిది పేతురుకు వదిన ప్రేమమ్మ ప్రభువు పేర వందనాలు చెప్పి రాయునది. నేనిక్కడ ప్రాణంతో ఉన్నాను. నువ్వు చేవెళ్లలో రెండు బర్రెలతో సుఖంగా ఉన్నావని తెలిసింది. సంతోషపడ్డానని మాత్రం అబద్ధం రాయలేను.

కండక్టరు సంగయ్య నీ కబురు చెప్పాడు. రేపు బ్యాంకు లోను సారు నీ పేపర్ల దుకాణం డబ్బా చూడటానికి మళ్లీ వస్తాడట, ఒక్క పూటకు నన్ను పేపర్లు పంపమన్నావట. మళ్లీ ఒక్క పూటకేనా! సిగ్గు సంతలో దొరికితే నీకు కొనిపెట్టేదాన్ని.

మరిచిపోయావేమో, గుర్తుచేస్తాను. తెలంగాణ గొడవల్లో బస్సు తగలబడినప్పుడు పక్కనున్న మన డబ్బా కూడా కాలిపోయింది. మీ అన్న ఆ దిగులుతోనే మంచం పట్టి పోయాడు. అప్పటి నుంచి నేను బస్సులు ఆగే చోట గోనెసంచి పరిచి పేపర్లు అమ్ముతున్నాను. చిన్న దుకాణాలవాళ్లకు సర్కారు జామీను మీద బ్యాంకు లోను ఇస్తుందన్న వార్త చూసి నీకు చెప్పింది నేను. పాత పేపరు అంచు మీద నీకు సంతకం నేర్పింది కూడా నేనే. ఇద్దరం కలిసే చెరో దరఖాస్తు పెట్టాం.

సారు ఎల్లుండి వస్తాడని చెప్పి మా ఇంటి ముందు కూర్చుని ఏడ్చావు. "కట్టె డబ్బ పెట్టిన గని అండ్ల పేపర్లు లెవ్వు వదినా. రేపొక్కరోజు నీ కట్టలన్ని ఇయ్యి, అమ్ముడు నేర్చుకుంట" అన్నావు. నమ్మి అన్నీ ఇచ్చాను, వారపత్రికలతో సహా. సారు వచ్చింది ఎల్లుండి కాదు, మరునాడే! చేవెళ్లలో నిండుగా ఉన్న నీ డబ్బా చూసి, ఇటొచ్చి నా ఖాళీ సంచి చూశాడు. ఏమీ అమ్మని మనిషికి లోను ఎలా రాయాలమ్మా అని అడిగాడు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు నవ్వారు.

నీకు లోను వచ్చింది. దానితో బర్రెలు కొన్నావు. డబ్బాలో తవుడు బస్తాలు పెట్టావు.

పగ దేవునికి వదిలేయమని పాస్టరుగారు చెప్తారు. ఆయనకు లోకమంతా పనే, ఈ చిన్న పని నేను చూసుకుంటాను. కడుపు మండినదాన్ని, పేతురూ. మీ అన్న ముఖం చూసి మూడు నెలలు ఊరుకున్నాను. ఇక ఊరుకోను.

నీ పిల్లలకు దీవెనలు. వాళ్ల మీద నాకు కోపం లేదు.

ఇట్లు,
నిన్ను నమ్మి చెడిన వదిన,
ప్రేమమ్మ

తా.క.: పొద్దుటి బస్సుకు పేపర్ల కట్ట రాలేదు కదా. ఈ ఉత్తరమే వచ్చింది, అదీ నీ చేతికి కాదు. సారు చేతికే ఇవ్వాలని సంగయ్య దగ్గర మాట తీసుకున్నాను. పేతురుతోనే బిగ్గరగా చదివించండని కవరు మీద రాశాను. "కండ్లద్దాలు మరిచిపోయిన సారూ" అని ఉంటావు. నీకు అద్దాలెక్కడివి? సంతకం తప్ప ఒక్క అక్షరం రాదని ఇన్నాళ్లూ నాకొక్కదానికే తెలుసు. మొదటి నుంచీ దీన్ని నీకు చదివి వినిపిస్తున్నది సారే.

సారూ, తిరుగు బస్సులో వస్తూ మొయినాబాద్‌లో దిగండి. ఈసారి నా గోనెసంచి ఖాళీగా లేదు.