మెడ మీద కన్ను

మార్కాపురం

చిరంజీవి శివకృష్ణకు,

అక్క రాసేది. ఫోనులో అడిగితే మాట మారుస్తావని ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు మన ఫ్లెక్సీ దుకాణంలో పని మానేయడానికి రెండు రోజుల ముందు కంప్యూటర్‌కు వచ్చిన రోగం గుర్తుందా? మౌసు బాణం ఒకచోట పెడితే రంగు బొటనవేలంత పక్కన పడేది. నెమలికి కన్ను పెట్టబోతే మెడ మీద పడింది. విసుగొచ్చి ఆ బొమ్మను కంప్యూటర్‌లోనే అట్లాగే వదిలేశాను, ఎవరికీ ప్రింటు వేయలేదు.

గిద్దలూరులో సొంత దుకాణం పెట్టుకోవడానికి పోతూ నువ్వే ఏదో చేసిపోయావనుకున్నాను. దసరా ఆయుధపూజలో మానిటర్‌కు బొట్టు పెట్టి, నిమ్మకాయతో దిష్టి కూడా తీశాను. చివరికి మా నాయన ఒప్పుకున్నాడు.

"అక్షరాలు కనపడక నేనే సెట్టింగుల్లో పెద్దవి చేసినా. ఇప్పుడు దానికేంది?"

సైజు మళ్ళీ వంద శాతానికి తగ్గించి, కంప్యూటర్ ఆపి, తిరిగి వేశాను. ఇప్పుడు రంగు బాణం పెట్టినచోటే పడుతోంది. ఆ విషయంలో నిన్ను అనుమానించడం నా తప్పే.

అయితే నిన్న గిద్దలూరు బస్టాండు దగ్గర నీ దుకాణం బోర్డు చూశాను. నెమలి బాగుంది. దాని కన్ను మెడ మీద ఎందుకుందో జవాబు రాయి.

నాయనకు ఇంకా చెప్పలేదు.

నీ అక్క