బతికుండగానే పటానికి పడిన దండ

పూర్ణా మార్కెట్టు, విశాఖపట్నం.

సాగరిక చిత్రశాల ఆఫీసరు భీమశంకరరావు గారికి, చేపలమ్మే వరహాలమ్మ దండం పెట్టి, ఆపైన దెబ్బలాటకు కూర్చుని రాయిస్తున్నది:

మీ పెయింటరు కామరాజు నా బొమ్మ వేస్తానంటే మూడు రోజులు గంప పక్కన కదలకుండా కూర్చున్నాను. తర్వాత జ్వరమొచ్చి నాలుగు రోజులు మార్కెట్టుకి రాలేదు. లేచి వచ్చేసరికి నలభై ఏళ్ల నా చోట్లో నూకరత్నం గంప దించేసింది. "నాను బతికే ఉన్నాను కదే" అంటే, "చిత్రశాలలో నీకు పటం కట్టేసినారు కదప్పా" అంది.

నిన్న మనవరాలు నిఖితతో వచ్చి చూశాను. ముఖం ఆకుపచ్చ. ఒక కన్ను చెవి దగ్గరుంది. పక్క బొమ్మల్లో ఒక్కరికీ మెడ లేదు. నాకైనా ఉందని సంతోషిస్తే, దానికి బంతిపూల దండ, కింద దీపం. పటానికి దండ ఎప్పుడు వేస్తారో మీ ఇంట్లో పెద్దలు చెప్పలేదా? వెంటనే తీయించండి. నా చోటు నాకు రావాలి.

ఇట్లు, వేలిముద్ర నాది, రాత నిఖితది.

తా.క.: బొమ్మ చూసి ఎవరూ గుర్తుపట్టలేదు. కింద పేరు రాసి నా కొంప ముంచారు.

*

శ్రీమతి వరహాలమ్మ గారికి, భీమశంకరరావు సవినయంగా తెలియజేయునది:

బొమ్మల ప్రదర్శన ప్రారంభోత్సవం నాడు అతిథులకు వేయగా ఒక దండ మిగిలింది. గౌరవంగా మీ పటానికి వేశాం. అది చూసి మా గుమాస్తా మిమ్మల్ని రిజిస్టరులో స్వర్గస్థుల కింద రాశాడు. బతికున్నట్టు ధ్రువపత్రం పంపితే దండ తీయడానికి ఫైలు కదుపుతాం.

భవదీయుడు.

తా.క.: వేలిముద్ర చెల్లదు. పోయినవారి చేత కూడా వేయించవచ్చు.

*

ఆఫీసరు బాబుకి, ఊపిరున్న వరహాలమ్మ రాయిస్తున్నది:

పత్రం లేదు. పేపర్లో పడ్డ కామరాజు ఫోటోకి ఫ్రేము కట్టించి, మార్కెట్టు గుమ్మంలో పెట్టి, దండ వేసి దీపం వెలిగించాను. మీ గౌరవమే మీకు. నువ్వొచ్చి నూకరత్నం ఎదుట నేను బతికున్నానని చెప్పు. అప్పుడు కామరాజు దండ తీస్తాను.

ఇట్లు, అదే వేలు.

తా.క.: "ఏటయ్యింది పాపం" అనడిగినోళ్లకి, "నా బొమ్మేసినాడు, ఆ పాపవే" అని సెప్తన్నాను.

*

పూజ్యురాలు వరహాలమ్మ గారికి, భీమశంకరరావు నమస్కరించి రాయునది:

పోయిన వారం వచ్చి అందరి ఎదుట మీరు బతికున్నారని చెప్పాను. నూకరత్నం గంప ఎత్తింది. మీ పటానికి దండ తీయించాను. మీరూ మాట తప్పకుండా కామరాజు గారి దండ తీశారు. చిక్కంతా అక్కడే. పదేళ్లుగా ఆయన బొమ్మల వైపు తిరిగి చూడనివాళ్లు, ఆయన పోయారని విని చిత్రశాల ముందు బారులు తీరారు. దండ తీసినప్పటి నుంచి ఒక్కరూ రావడం లేదు.

దయచేసి మళ్లీ వేయండి. ఇది ఆయనే రాయమన్నారు. ఎవరి కంటా పడకుండా సబ్బవరంలో అత్తగారింట్లో తలుపు వేసుకుని ఉన్నారు.

మీ విధేయుడు.

తా.క.: ఈసారి గులాబీలు వేయమన్నారు. బంతిపూలు ఆయన స్థాయికి చాలవట.