రెండో కాపీ మీద ముద్ర

చినరేవుపాలెం,
24-3-2003, సోమవారం.

మండల రెవెన్యూ అధికారి గారి సముఖమునకు,
చినరేవుపాలెం మండలం, కృష్ణా జిల్లా.

అయ్యా,

విషయం: అర్జీ అందినట్లు రెండో కాపీ మీద ముద్ర వేయుటకు తమ కార్యాలయము వారు మూడు సోమవారాలుగా నిరాకరించుచున్న సంగతి గురించి.

పై విషయమై, ఇదే ఊరి కాపురస్తురాలు, పదో తరగతి ప్యాసై, రొయ్యల షెడ్డులో ఒలుపు పనికి వెళ్ళు బత్తుల శాంతి, వయస్సు 32 సం||, విన్నవించుకొనునది.

1. నేను గత అక్టోబరు నుండి ప్రతి ఆదివారం ప్రార్థన కాగానే బస్సెక్కి బందరు వెళ్ళి, ఒక స్వచ్ఛంద సంస్థ వారి పారా లీగల్ తరగతిలో చదువుచున్నాను. పారా లీగల్ అనగా లాయరు కాదు, లాయరు గుమాస్తా కాదు. ఏ కాగితం ఏ ఆఫీసులో ఇవ్వాలో జనానికి చెప్పి, రాసిపెట్టి, వెంట వెళ్ళే మనిషి. సర్టిఫికెట్టు రావలెనంటే నా చేత్తో రాసిన అర్జీలు ఐదింటిని, ముద్ర పడిన కాపీలతో చూపవలెను. నాలుగు ఉన్నవి. గడువు ఈ వచ్చే ఆదివారం. సర్టిఫికెట్టు చేతికి వస్తే సంస్థ వారు బంటుమిల్లి కేంద్రంలో నన్ను పనిలో పెట్టుకుంటామన్నారు. ఐదోది తమ కార్యాలయంలో ఆగినది.

2. ఆ ఐదోది మా వీధిలోని పున్నయ్య గారిది. నేను బాబాయ్ అంటాను. ఆయన అరెకరం పొలం పక్కన వేరొక ఆసామి రొయ్యల చెరువు తవ్వించినారు. గట్టు గుండా ఉప్పునీరు ఊరి, నిరుడు పైరు మొత్తం ఎర్రబడి పోయినది. బాబాయ్ నిరుడే రెండు అర్జీలు తెచ్చి ఇచ్చి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయినాడు. జనవరిలో వచ్చి అడిగితే, అసలు అర్జీయే అందలేదన్నారు. ఆయన దగ్గర రుజువు లేదు. మాకు పాఠం చెప్పే అరుణకుమారి మేడమ్ మొదటి రోజున చెప్పిన మాట, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోకుండా గుమ్మం దిగవద్దని. ఆ మాట బాబాయ్‌కి ఎవరూ చెప్పలేదు.

3. తేది 3-3న, నేను రాసిన కొత్త అర్జీ రెండు కాపీలతో ఇద్దరమూ వచ్చినాము. వచ్చిన కాగితాలు తీసుకునే ఇన్‌వార్డు గుమాస్తా కోదండరామయ్య గారు ముద్ర బీరువాలో ఉన్నదని, తాళం తమ వద్ద ఉన్నదని, తమరు కలెక్టరాఫీసుకు వెళ్ళినారని చెప్పినారు.

4. తేది 10-3న ముద్ర బల్ల మీదనే ఉన్నది. ఇంకు ఎండిపోయినదన్నారు. అదే గంటలో చెరువు ఆసామి గారి కాగితం మీద ముద్ర పడుట నేను కళ్ళారా చూచినాను. తడిగానే పడినది.

5. తేది 17-3న అర్జీ చేతిలోకి తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, తిరిగి ఇచ్చినారు. ఆయన అన్న మాట ఉన్నదున్నట్లు రాయుచున్నాను: "కాగితం రొయ్యల కంపు కొడతంది. రొయ్యలు ఒలుచుకునేదానికి చట్టం దేనికే?"

వరండాలో ఇరవై మంది ఉన్నారండీ. కొందరు నవ్వారు. బాబాయ్ తలొంచుకుని, "పోదాం పదమ్మా" అన్నాడు. నేను ఇంటికి వెళ్ళి నిమ్మచెక్కతో మోచేతుల దాకా రుద్దుకున్నాను. రుద్దుకుంటూ ఏడ్చాను. ఆ తరువాత సిగ్గనిపించింది, వాసనకు కాదు, రుద్దుకున్నందుకు. ఈ చేతులతోనే పదమూడేళ్ళుగా తింటున్నాను. ఈ అర్జీని షెడ్డు నుండి రాగానే, చేతులు కడగకుండా కూర్చుని రాసినాను. దయచేసి గమనించగలరు.

6. రిజిస్టరు పోస్టులో పంపితే ముద్రతో పని లేదు కదా అని తమరు అనవచ్చును. మేడమ్ కూడా అదే దారి చెప్పినారు. కానీ నవ్విన వరండాలోనే, ఆ బల్ల మీదనే ముద్ర పడాలి. నా వెనక వరుసలో నిలబడినవాళ్ళు అది చూడాలి. వచ్చే సోమవారం వాళ్ళు కూడా రెండో కాపీ తెచ్చుకుంటారు.

కావున తమరు ఈ అర్జీ రెండు ప్రతులనూ స్వీకరించి, రెండోదాని మీద ముద్ర, తేది, పొట్టి సంతకం వేయించవలెను. దీనికి పున్నయ్య గారి అర్జీని కూడా కుట్టి, "జత: ఒకటి" అని రాసినాను. ఒక్క ముద్రతో రెండూ అందినట్లే. జూలైలో నాట్లు పడకముందే గట్టు కొలతకు సర్వేయరును పంపవలెను. అందలేదని ఇక అనుటకు వీలుండదు.

తరగతికి ఎవరి అర్జీ చూపినా సరేనా అని మేడమ్‌ను అడిగాను. ముద్ర ఉంటే నీ సొంతదైనా సరే అన్నారు. నా ఐదోది ఇదే.

తమరు కుర్చీలోను, నేను గుమ్మంలోను ఉండగానే చిత్తగించవలెను.

ముద్ర పడిన క్షణం నుండి
తమ విధేయురాలు,
బత్తుల శాంతి

జత: ఒకటి.

తా.క. కోదండరామయ్య గారూ, ఇది అయ్యగారి కంటే ముందు మీరే చదువుతారని నాకు తెలుసు. ఇంకు ప్యాడు కొత్తది నేనే తెచ్చాను, మీ బల్ల మీద పెట్టాను. కంపు భరించలేకపోతే ఒక చేత్తో ముక్కు మూసుకోండి. ముద్ర కొట్టడానికి రెండో చెయ్యి చాలు.