పొద్దున్నపూట నేను దొరకను

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నాం. బాగున్నామంటే, అమ్మ నన్ను గొంతెత్తి తిట్టేంత ఓపికగా ఉంది, మీ బావ ఆ తిట్లు విని కడుపుబ్బ నవ్వేంత తీరిగ్గా ఉన్నారు. నువ్వు ఆ ఓడ ఇంజను గదిలో వేళకు తిని వేళకు పడుకుంటున్నావని నమ్ముతున్నాను. నమ్మక చేసేదేముంది, సముద్రం మధ్యకు వచ్చి చూడలేను కదా!

నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలు నయం, కట్టు విప్పేశారు. కర్ర పట్టుకుని నడవమని డాక్టరు చెబితే, "అది పట్టుకుంటే నిజంగానే ముసలిదాన్నయిపోతానే" అని దాన్ని తలుపు మూసుకుపోకుండా అడ్డం పెడుతోంది. మీ బావ కళ్ళజోళ్ళ దుకాణం ఎదురు వరుసలోకి మార్చారు. కొత్త చోట ఎండ బాగా వస్తుంది, అద్దాల మీద సన్నని గీతలు కూడా తెలుస్తున్నాయట. నేనింకా ఆ పళ్ళ డాక్టరు క్లినిక్కులోనే ఉన్నాను. ముందు గదిలో కూర్చుని వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుంటూ, "అబ్బే, నొప్పేమీ పుట్టదండీ" అని అబద్ధాలు చెబుతుంటాను.

ఇక నీ అసలు ప్రశ్న. "అక్కా, నీ పేజీలో వీడియోలు ఎందుకు ఆగిపోయాయి? ఫోను పాడైందా, నువ్వు పాడయ్యావా?" అన్నావు. ఫోను బాగానే ఉంది. నేను అంతకంటే బాగున్నాను. మొదటినుంచీ చెబుతాను, మధ్యలో విసుక్కోకుండా చదువు.

నా మొదటి నవల ఎలా రాశానో నీకు తెలుసు. క్లినిక్కుకు బయల్దేరేముందు వంటగది బల్ల మీద, కుక్కరు కూతల మధ్య రాశాను. ఆ పూట ఇంట్లో ఎవరూ నన్ను పలకరించేవారు కాదు. పుస్తకం అచ్చయ్యాక ఆ పూట కాస్తా నా చేజారిపోయింది. ప్రచురణ సంస్థలో ప్రచారం చూసే అమ్మాయి ఉంది. మంచి పిల్లే, అంతమంది రచయితల భారం పాపం ఒక్కతే మోస్తుంది. పొద్దున్నే ఫోను చేసేది. "మేడం, ఇవాళ కిటికీ దగ్గర కూర్చుని చిన్న వీడియో. వెలుతురు ముఖం మీద పడాలి. కొంచెం నవ్వండి." సరేనని తీసేదాన్ని. బాగా రాలేదు, మళ్ళీ తీయి. బట్టలు వెలిసిపోయినట్టున్నాయి, మార్చుకుని మళ్ళీ తీయి. తర్వాత దాని కింద ఎవరేం రాశారో చూసి అందరికీ జవాబివ్వాలి, లేకపోతే పొగరనుకుంటారు. ఇంకో రచయిత పుస్తకాన్ని చదవకపోయినా మెచ్చుకోవాలి, అప్పుడే ఆయన నాది చదవకుండా మెచ్చుకుంటాడు. ఇంతలో క్లినిక్కు వేళయ్యేది. రెండో నవల బల్ల మీద బిక్కమొహం వేసుకుని పడి ఉండేది.

ప్రచారమే వద్దని నేననను. పుస్తకం వచ్చిందని నలుగురికీ తెలియకపోతే చదివేదెవరు? పొగడ్తలు నాకూ తియ్యగానే ఉన్నాయి. ముక్కూమొహం తెలియని మనిషి ఒకరు "మీ నవల చదివి, మాట్లాడ్డం మానేసిన మా చెల్లికి ఫోన్ చేశాను" అని రాస్తే ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

అయితే ఒక సెలవు రోజున ఏమైందో విను. కొత్త నవలలో ఒక ముసలావిడ ఉంది. బట్టలు ఉతికి ఇస్త్రీ చేసిచ్చే దుకాణం నడుపుతుంది, మహా పెంకి. కొడుకు వచ్చి దుకాణం మూసేయమంటాడు. ఆవిడేమంటుందో రాయాలి. "నేను ఉతికింది బట్టలను కాదు, బతుకులను" అని రాశాను. రాసి మురిసిపోయాను. ఆ వాక్యం మంచి బొమ్మ మీద వేసి పేజీలో పెడితే ఎంత అందంగా ఉంటుందో నాకు అప్పుడే కనబడిపోయింది. అమ్మకు చదివి వినిపించాను.

అమ్మ మొహం చిట్లించింది. "ఎవరే ఈవిడ? నిన్నటిదాకా ఉన్నావిడ ఏమైంది?"

"ఆవిడేనమ్మా."

"ఆవిడైతే 'ముందు ఆ తలుపు వేసి లోపలికి రా, ఇస్త్రీ బట్టల మీద దుమ్ము పడుతోంది' అని కసిరేది. ఈవిడెవరో సభలో మాట్లాడుతోంది."

ఈ గొడవంతా నా సమయాన్ని మాత్రమే తింటోందనుకున్నాను తమ్ముడూ. నేను చూడకుండా అది ఆ ముసలావిడ నోట్లోకి కూడా దూరింది. వాక్యం కొట్టేశాను. చాలాసేపు కాగితం ముందు కూర్చున్నా ఆవిడ మళ్ళీ నోరు విప్పలేదు. అలిగిన మనిషిలా అటు తిరిగి ఇస్త్రీ చేసుకుంటూ ఉండిపోయింది.

మర్నాడు క్లినిక్కులో ఒక పూట అనుమతి తీసుకుని ప్రచురణకర్త దగ్గరికి వెళ్ళాను. గది నిండా అట్టపెట్టెలు, కట్టలు విప్పని పుస్తకాలు, జిగురు వాసన. కూర్చోమనేలోపే చెప్పేశాను. "సార్, ఇకమీదట పొద్దున్నపూట నేను దొరకను. శనివారం మొత్తం మీది. లైబ్రరీకి రమ్మన్నా, బడికి రమ్మన్నా వస్తాను. చదివి వినిపిస్తాను, ఏమడిగినా జవాబు చెబుతాను. మిగతా రోజులు రాసుకుంటాను."

ఆయన నవ్వారు. "శనివారం రచయితలని ఎక్కడైనా ఉంటారామ్మా? రోజూ కనబడకపోతే జనం మర్చిపోతారు. రాయడం సగం పనే, కనబడడం మిగతా సగం."

"మరి ఆ మొదటి సగం ఎప్పుడు చేయమంటారు?"

"దానికి తొందరేముంది? ముందు ఓ నెలపాటు రోజూ లైవ్ పెడదాం. మీ అమ్మగారిని పక్కన కూర్చోబెట్టండి. మొదటి నవల ఆవిడ కథేనని చెబుదాం. ఆవిడ ఒకసారి కళ్ళు తుడుచుకుంటే చాలు, పుస్తకాలు చకచకా అమ్ముడైపోతాయి."

ఆ నవలలో భర్త భార్యను కొట్టి ఇంట్లోంచి గెంటేస్తాడని నీకు తెలుసు కదా. నాకు ఒళ్ళు మండింది.

"సార్, అది మా అమ్మ కథ కాదు. మా నాన్న అలాంటివాడు కాదు."

"ఆయన లేరు కదమ్మా. ఎవరు చూడొచ్చారు?"

"నేను చూశాను. ఆ ఇంట్లోనే పెరిగాను."

ఆయన నవ్వు ఆగిపోయింది. అలాగైతే రెండో పుస్తకం తాము వేయలేమన్నారు. బాగా ఆలోచించుకుని రమ్మన్నారు. ఇప్పుడే ఆలోచించుకున్నానని చెప్పి లేచాను. మెట్లు దిగుతుంటే భయం వేసింది, అది నీ దగ్గర దాచను. కానీ వెనక్కి ఎక్కాలని మాత్రం అనిపించలేదు.

ఇంతవరకూ వచ్చాక ఇక నాన్చడం దేనికి? రెండో నవలకు ఒప్పందం అయిపోయిందని నువ్వు ఓడలో అందరికీ చెప్పి పండగ చేసుకున్నావని రాశావు. ఒప్పందం లేదు. సంతకం పెట్టాల్సిన కాగితాలు ఆయన బల్ల మీదే వదిలేసి వచ్చాను. ఇంకొకటి. నువ్వు ఓడెక్కేముందు ఓపిగ్గా కూర్చుని తయారుచేసి ఇచ్చిన పేజీ కూడా మొన్న మూసేశాను. నిన్ను అడగలేదు. అడిగితే వద్దంటావు, వద్దన్నా మూసేసేదాన్ని. నీ శ్రమ వృథా అయినందుకు బాధగా ఉంది. మూసినందుకు లేదు.

మీ బావ మొదట కంగారుపడ్డారు, "ఒక మాట నాతో అని ఉంటే..." అని నసిగారు. అమ్మే గట్టిది. జరిగింది విని, "మీ నాన్న నన్ను కొట్టాడని చెబితే పుస్తకాలు అమ్ముడవుతాయటా?" అని అడిగింది. అవుతాయట అన్నాను. "అమ్ముడవకపోతే పోనీ. ఆ మనిషి బొద్దింకను కొట్టడానికి కూడా నన్నే పిలిచేవాడు" అంది. అని, నవ్వబోయి, కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఆ కన్నీళ్ళు ఏ ఫోనుకూ దొరకలేదు, అంతే చాలు నాకు.

శనివారాలు మాత్రం మానలేదు. ఎవరూ పంపకుండానే, పుస్తకాలు సంచిలో వేసుకుని నేనే వెళ్తున్నాను. మొన్న ఒక లైబ్రరీలో కుర్చీలు ఎక్కువ, మనుషులు తక్కువ. నర్సు ఒకావిడ లేచి, "మీ కథలో ఆవిడ చివర్లో ఆ మొగుణ్ణి క్షమించడం నాకు బొత్తిగా నచ్చలేదు" అంది. నేను తగ్గలేదు, ఆవిడా తగ్గలేదు. లైబ్రరీ మనిషి తాళంచెవులు గలగలలాడించేదాకా పోట్లాడుకున్నాం. వెళ్తూ పుస్తకం కొనుక్కుంది. "ఒప్పుకున్నాననుకోకండి, ఇంకోసారి చదివి మళ్ళీ తిడతాను" అంది. ఇన్నాళ్ళ వీడియోల్లో ఇంత సుఖం ఎరగను.

నవల సగం దాటింది. వేరే సంస్థ ఏదైనా వేస్తుందో లేదో తెలియదు. ఆయన చెప్పినట్టు జనం నన్ను మర్చిపోతే మర్చిపోనీ, పుస్తకం పూర్తయ్యాక మళ్ళీ పరిచయం చేసుకుంటాను. నువ్వు మాత్రం నన్ను ఓదారుస్తూ రాయకు, ఆయనకు ఫోన్ చేసి మధ్యవర్తిత్వం అసలే చేయకు. చేశావో, అమ్మ చేతి కర్రకు ఇంకో పని దొరుకుతుంది.

మీ అక్క ఏం చేస్తోందని ఓడలో ఎవరైనా అడిగితే, రాస్తోందని చెప్పు. ఏదీ చూపించమంటే, ఇంకా అవలేదని చెప్పు. తల దించుకుని మాత్రం చెప్పకు.

ఇట్లు,
ఎవరి మాటా వినని
మీ అక్క